బడికి ముందరి ఆకలి

2024 జూలై 15వ తేదీన, కామరాజు జయంతి నాడు, తిరువళ్ళూరు జిల్లాలోని కీళచ్చేరి యను పల్లెలో, ఒక ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలయందు, తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఉదయాహార పథకమునకు నూతన విస్తరణమును ప్రారంభించిరి. అంతకు దాదాపు రెండేండ్లకు ముందు, 2022 సెప్టెంబరు 15న, మదురైలో ఆరంభమై మొదట 1,545 సర్కారు బడులకు చేరి, మరుసటి యేడు ఆగస్టు 25న తిరుక్కువళైలో రాష్ట్రమందలి సర్కారు ప్రాథమిక పాఠశాల లన్నింటికిని వ్యాపించిన ఈ పథకము, కీళచ్చేరి దినముతో గ్రామములలోని 3,995 ఎయిడెడ్ బడులలో చదువుచున్న 2.23 లక్షల బాలబాలికలకును అందినది. ఉప్మా, కిచిడి, పొంగలి, సాంబారు: ఇవి సామాన్యముగా రాజకీయ వ్యాసములలో చోటు దక్కించుకొను పదార్థములు కావు. అయినను, తెల్లవారకముందే మగ్గమునకో, ఇటుక బట్టీకో, కంపెనీ బస్సునకో పరుగెత్తు తల్లి పొయ్యి ముట్టింపలేకపోయిన దినమున, ఆ బిడ్డ తొమ్మిది గంటలకు పలకపై అక్షరములను చూచుచున్నాడా, లేక మధ్యాహ్నపు గంటకొఱకు చెవులు రిక్కించుచున్నాడా అన్నది ఆ పళ్ళెములోని పొంగలి మీదనే ఆధారపడి యుండును.

ఈ సీమలో బడియన్నమునకు శతాబ్దపు చరిత్ర గలదు; అందులో తెలుగువారి పాలును గలదు. 1920లో మద్రాసు నగరసభకు అధ్యక్షుడుగా నుండిన పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు నేతకుటుంబమున పుట్టినవాడు, థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషను బడిలో పేదపిల్లలకు తలకొక అణా మించని ఖర్చుతో ఫలాహారము పెట్టించుటకు నగరసభచేత తీర్మానము చేయించెను. ప్రాథమిక విద్యకై కూడబెట్టిన నిధిని తిండికి వెచ్చింపరాదని ఆంగ్ల ప్రభుత్వము అడ్డు చెప్పుటచేత 1925లో అది నిలిచిపోయినది. అన్నము లేక విద్య నిలువదన్న సంగతిని గ్రహించుటకు పాలకులకు మఱి ముప్పదియేండ్లు పట్టెను. 1956లో కామరాజు ప్రభుత్వము మద్రాసు రాష్ట్రపు బడులలో మధ్యాహ్న భోజనమును స్థాపించినపుడు చెంగల్పట్టు జిల్లాలోని తిరువళ్ళూరు ఆ ఏలుబడిలోనే యున్నది. అదే రైలుమార్గమున కొంతదూరము ముందునకు పోయిన తగులు తిరుత్తణి మాత్రము చిత్తూరు జిల్లాలో, ఆంధ్రలో నున్నది. ఆంధ్ర, మద్రాసుల సరిహద్దు తగవుపై వెలువడిన పటాస్కరు తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాలో అధికభాగము మద్రాసునకు వచ్చినది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని పల్లెలు ఆంధ్రమునకు పోయినవి. ఏ ఊరిలో ఏ భాష వా రెందఱని తలలు లెక్కించిన ఆ కాలమున, ఏ ఊరి పిల్లకు ఏ ప్రభుత్వము అన్నము పెట్టుచున్నదని ఎవరును లెక్కించి యుండరు. సరిహద్దు రాళ్ళు కదలుటతో కొన్ని పల్లెల పిల్లలు బడియన్నపు రాష్ట్రములోనికి వచ్చిరి, కొన్ని పల్లెల వారు దానికి వెలుపలికి పోయిరి. చరిత్రకారులు ఈ చిన్న సంగతిని వదలివేసినను తల్లులు మఱచి యుండరని నా నమ్మకము.

తరువాతి కథ చాలమందికి తెలిసినదే. 1982 జూలై 1న ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వము పల్లెలలో రెండేండ్ల శిశువు మొదలు తొమ్మిదేండ్ల బాలుని వఱకు దినదినము అన్నము పెట్టుటకు పూనుకొన్నపుడు, ఖజానా తరిగిపోవుననియు, ఇది ఓట్లకొఱకు వండిన వంటయనియు ఆర్థికవేత్తలు పెదవి విఱిచిరి. ఆ అన్నమే కొలది మాసములలో పట్టణములకును, 1984లో పదునైదేండ్ల పిల్లల వఱకును వ్యాపించినది. 1989లో కరుణానిధి ప్రభుత్వము పక్షమున కొక గ్రుడ్డును చేర్చగా, అది క్రమముగా పెరిగి బడి నడచు ప్రతిదినమునకు నొక్కటియై నేటికిని నిలిచినది. గ్రుడ్డు పెట్టవచ్చునా, పెట్టరాదా యని కొన్ని రాష్ట్రములు నేటికిని తగవులాడుచుండ, ఈ రాష్ట్రమున ఇరుపక్షముల వారును పోటీపడి గ్రుడ్ల సంఖ్యను పెంచిరే కాని తగ్గింప సాహసింపలేదు. రాజకీయ స్పర్ధవలన ప్రజలకు కలిగిన మేళ్ళ పట్టికను ఎవరైన వ్రాసినచో అది పెద్దది కాదు గాని, అందులో ఈ గ్రుడ్డునకు మొదటి చోటే ఈయవలసి వచ్చును. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు దేశమందలి ప్రతి సర్కారు ప్రాథమిక పాఠశాలలోను, కనీసము 300 కెలోరీలును, 8 మొదలు 12 గ్రాముల మాంసకృత్తులును గల వండిన భోజనమును ఏటికి 200 దినములకు తక్కువ కాకుండ పెట్టవలెనని ఆజ్ఞాపించినపుడు, అప్పటికి దాదాపు ఇర్వదియేండ్లుగా అది ఆచారమై యున్న సీమ ఇది.

ఇంత చేసిన పిమ్మటను లెక్క యేమి చెప్పుచున్నది? 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తమిళనాడులో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 25 మంది వయసునకు తగిన యెత్తు పెరుగక గిడసబారిన వారు. దేశపు సగటు 35.5, ఆంధ్రప్రదేశములో 31.2, తెలంగాణలో 33.1. పొరుగువారి కంటె మేలని సంతోషింపవచ్చును. కాని నలుగురు పిల్లలలో నొకడు గిడసబారుట ఏ లెక్కకును మేలు కాదు. అంతకంటె కలవరపెట్టు సంఖ్య మఱియొకటి గలదు: ఆఱునెలలు మొదలు అయిదేండ్ల వఱకు గల పిల్లలలో రక్తహీనులు అంతకు ముందటి సర్వేలో 50.7 శాతముండగా, ఈ సర్వేలో 57.4 శాతమునకు పెరిగిరి. బడియన్నము శతవసంతములు పూర్తి చేసికొనుచున్న కాలముననే ఈ పెరుగుదల కనబడినది.

దీనికి కారణము వంటలో నున్న దోషము కాదు. వడ్డించు వేళలో నున్న దోషము. బిడ్డ బడి గడప త్రొక్కు నాటికి వానికి అయిదేండ్లు. ఎముక, మెదడు, రక్తము ఏ కాలమున త్వరత్వరగా రూపొందుచుండునో ఆ కాలము, తల్లి గర్భమున పడిన నాటినుండి రెండవ పుట్టినదినము వఱకు గల సుమారు వేయి దినములు, అప్పటికి గడచిపోయి మూడేండ్లైనది. దీనిని గూర్చి ఊహలతో పని లేదు. 1969 మొదలు 1977 వఱకు గ్వాటెమాలా దేశపు పల్లెలలో పరిశోధకులు కొన్నింట పిల్లలకు మాంసకృత్తులు గల చిక్కని జావను, కొన్నింట పలుచని తీపి పానీయమును ఇచ్చి, ఆ పిల్లలు పెద్దవారై కూలికి, ఉద్యోగమునకు పోవు నాటి వఱకును వారిని విడువక అనుసరించిరి. రెండేండ్లలోపుననే చిక్కని జావ త్రాగిన మగపిల్లలు పెద్దవారైన పిదప గంటకు సంపాదించిన కూలి తక్కినవారి కంటె సగటున 46 శాతము అధికముగా నుండెను. మూడేండ్లు నిండిన తరువాత త్రాగిన వారిలో అట్టి భేదము కానరాలేదు. జావ అదే, పల్లె అదే. భేద మంతయు వయసులో నున్నది.

మనవాడే యైన వులిమిరి రామలింగస్వామి, శ్రీకాకుళమున పుట్టి విశాఖపట్టణమున వైద్యము చదివి భారత వైద్య పరిశోధనా మండలికి అధిపతియైన మహనీయుడు, 1996లో యూనిసెఫ్ ప్రచురణలో ఇద్దఱు సహచరులతో కలిసి ఒక చిక్కుప్రశ్నను లోకము ముందుంచెను: ఆఫ్రికా కంటె దక్షిణాసియాలో పంట యెక్కువ, ఆదాయము తక్కువ కాదు, ఐనను పోషణ లేని పిల్లలు ఇచ్చటనే ఎక్కువ, ఇది యేల? ధాన్యపు గాదెలలో జవాబు వెదకువారికి అది దొరకలేదు. వారు చూపిన జవాబు స్త్రీ వైపున నున్నది: గర్భిణిగా నున్నపుడు బరువు పెరుగని తల్లి, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, తన తిండిమీదను తన కాలముమీదను తన కధికారము లేని కోడలు, అపరిశుభ్రమైన పరిసరములు. ముప్పదియేండ్లు గడచినను ఆ జవాబునకు మనము చెప్పిన ప్రత్యుత్తరము ప్రధానముగా బడిలోనే వండబడుచున్నది.

తిరుత్తణి, పళ్ళిపట్టు, రామకృష్ణరాజుపేట, పొదటూరుపేట ప్రాంతములలో తెలుగిండ్లలోనికి పోయి చూచినచో ఈ మాట ఎంత సత్యమో తెలియును. పేదరిక మున్నది, నిజమే. కాని అన్నము లేని యిల్లు అరుదు. 2011 జూన్ నుండి చౌకదుకాణమున బియ్యము ఉచితముగనే లభించుచున్నది. అది కడుపును నింపినది, అందుకు ప్రభుత్వమును మెచ్చుకొనవలెను. కాని ఒకప్పుడు ఈ మెట్టసీమకు ప్రాణమైన రాగిసంకటిని అది పళ్ళెము నుండి త్రోసివేసినది కూడ. వెనుక కూనూరులో, నేడు హైదరాబాదున నున్న జాతీయ పోషకాహార సంస్థకు మూలపురుషుడైన మెకారిసన్ దొర, దేశమందలి నానా ప్రాంతముల ఆహారమును ఎలుకలకు పెట్టి పరీక్షించి, మరపట్టిన తెల్లబియ్యమే ప్రధానముగా నుండు మదరాసీ భోజనము తిన్న ఎలుకలు బలహీనములైనవని తేల్చిన సంగతిని మనము పాఠముగా చదువుకొంటిమే కాని పంక్తిలో పాటింపలేదు. కడుపుతో నున్న కోడలితో అత్తగారు ప్రేమతోనే చెప్పును: "ఎక్కువ తినకమ్మా, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుంది." కాన్పైన తరువాత పథ్యము పేరిట కూరలు, పప్పు, పండ్లు కొన్ని వారములు దూరమగును. ఆఱవ నెలలో అన్నప్రాశన శాస్త్రోక్తముగా జరుగును. కాని ఆ దినమున నాలుకకు తగిలిన పాయసము తరువాత చాలకాలము వఱకు బిడ్డకు పాలును, నీళ్ళవంటి గంజియు తప్ప చిక్కని ముద్ద పడదు. ఆఱు నెలలు మొదలు రెండేండ్ల లోపు పిల్లలలో తగినంత ఆహారము పొందువారు దేశము మొత్తముమీద నూటికి పదునొకండుగురే యని ఆ అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయే చెప్పుచున్నది. అన్నము లేని దేశమున పుట్టిన సంఖ్య కాదిది. తినిపించువారికి తీరిక లేని దేశమున పుట్టినది.

తీరిక యేల లేదు? పవర్‌లూము మగ్గముల మధ్య పగలు రేయి తెలియక పనిచేయు స్త్రీ, ఉపాధి హామీ పనికి పోవు స్త్రీ, శ్రీపెరుంబుదూరు, గుమ్మిడిపూండి కర్మాగారములకు చీకటిలోనే బస్సెక్కు యువతి, వీరిలో ఎవరికిని దినమునకు నాలుగైదు మారులు చిన్నబిడ్డకు చిక్కని ముద్ద కలిపి తినిపించు వెసులుబాటు లేదు. ముసలి అవ్వ చేతిలో పెట్టిపోయిన బిడ్డ ఏడ్చినపుడు, పొరుగు దుకాణములో అయిదు రూపాయలకు దొరకు ఉప్పుకారపు పొట్లమే సులభమైన మందు. అంగన్‌వాడీ నుండి ఇంటికి పంపు సత్తుమావు, గోధుమ, మొక్కజొన్న, రాగి, శనగ, బెల్లములు కలిసిన ఆ పిండి, మంచిదే. కాని ఇంటికి చేరిన పిండి యింటిల్లిపాదిదియు నగును. పెద్దపిల్లలు పంచుకొందురు, మామగారి కాఫీతో నొక ఉండ పోవును, మిగిలినది యెవరికొఱకు వచ్చినదో వారికి చేరును. గర్భిణి యనునది మన యిండ్లలో అందఱి తరువాత తినునది. ఇంటికి పోవు పొట్లము ఆ వరుసను మార్చలేదు.

ఆ వరుసను మార్చినది తెలుగునాడు. 2013 జనవరి 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 'అమృత హస్తము' పేరిట ఆరంభమై, 2015 జనవరి 1న తెలంగాణలో 'ఆరోగ్యలక్ష్మి'గా రాష్ట్రమంతటను నిలిచిన పద్ధతి ఇది: గర్భిణులును, బాలింతలును అంగన్‌వాడీకి వచ్చి, అచ్చటనే కూర్చుండి, అన్నము, పప్పు, కూర, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు గల ఒక పూర్ణభోజనమును తిని, ఆయా కన్నుల యెదుటనే ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్ర మ్రింగవలెను. తరువాత వచ్చిన ప్రభుత్వములు పేర్లను మార్చినవి, ఒకొక్కచోట పద్ధతిని మార్చినవి; కాని ఆ పద్ధతిలోని తెలివి నేటికిని చెక్కుచెదరలేదు. అంగన్‌వాడీలో తిన్న భోజనము ఎవరును పంచుకొనలేనిది. అంతకంటె ముఖ్యముగా, అత్తగారి కంటె ముందుగా కోడలు తినుట తప్పు కాదను సంగతి ఆ గదిలో దినదినము అభ్యాసమగుచున్నది. తమిళనాడు గర్భిణికి ఆ పిండితో పాటు ఇచ్చునది ధనము: 1987లో ఆరంభమైన ముత్తులక్ష్మీరెడ్డి ప్రసూతి సహాయ పథకము నేడు పోషకాహారపు పెట్టెలతో కలిపి పదునెనిమిది వేల రూపాయల విలువకు పెరిగినది. నేను దానిని తక్కువచేయను. ఐనను ధనము అప్పులవానికి దొరకును, భర్తకు దొరకును; పళ్ళెములోని గ్రుడ్డు తినువారికే దొరకును.

బడిపిల్లకు అన్నము పెట్టుటలో తమిళనాడు తెలుగువారికి గురువు. గర్భిణికి అన్నము పెట్టుటలో తెలుగునాడు తమిళులకు గురువు. ఈ రెండు విద్యలును కలియుటకు తిరుత్తణి కంటె తగిన చోటు లేదు. ఒకప్పుడు ఆంధ్రమైనది, ఇప్పుడు తమిళమైనది, రెండు భాషలలోను ఆకలిని చెప్పుకొనగలది. పైగా కావలసిన పొయ్యి ఇప్పటికే వెలిగి యున్నది. ఉదయాహారము కొఱకు స్వయంసహాయ సంఘపు స్త్రీలు తెల్లవారకముందే బడి వంటింటికి వచ్చుచున్నారు. అనేక గ్రామములలో అంగన్‌వాడీ ఆ ప్రాకారములోనే, లేక దాని ప్రక్కనే యున్నది. ఆ వంటలోనే గ్రామములోని గర్భిణులకును బాలింతలకును వంతు కలిపి వండించుటకు కొత్త కట్టడము అక్కఱలేదు, కొత్త శాఖ అక్కఱలేదు. అధికమైన బియ్యము, పప్పు, గ్రుడ్లు, పాలు, వంటవారికి అధికమైన జీతము, ఇవి చాలును. చీకటిలోనే కంపెనీ బస్సెక్కు గర్భిణి పంక్తిలో కూర్చుండలేదు గదా యని మీరడుగుదురు. ఆమెకు క్యారియరు కట్టి యీయవచ్చును, బస్సు ఆగు చోటనే అందింపవచ్చును. కర్మాగారము వారికి ఈ భారములో కొంత మోపుటయు అన్యాయము కాదు.

దీనితో కూడ నొక పాత పద్ధతిని మరల బ్రతికింపవలెను. 1980 మొదలు దాదాపు పదేండ్లు ప్రపంచబ్యాంకు ఋణముతో తమిళనాడులో నడచిన సమగ్ర పోషణ పథకమునందు, పల్లెలోనే యుండు ఒక స్త్రీ, ఆఱు నెలలు మొదలు మూడేండ్ల లోపు పిల్లలను నెలనెలయు తూచి, బరువు పెరుగక ఆగిన బిడ్డను వెంటనే గుర్తించి, వానికి తొంబది దినములు ప్రత్యేకాహారము పెట్టి, బరువు కోలుకొన్న పిమ్మట విడిచిపెట్టుచుండెను. తల్లికి ఆ బరువుపటమును చూపి విషయము బోధించుచుండెను. అన్నము అందఱికిని పెట్టుట ఔదార్యము. ఏ బిడ్డ ఏ నెలలో వాడినదో కనిపెట్టి ఆ నెలలోనే పెట్టుట వైద్యము. నేడు తూనికయంత్రములు లేవని కాదు. ఫోనులోని యాపులో అంకెలు నింపుటకే అంగన్‌వాడీ కార్యకర్త పూట గడచిపోవుచున్నది, ఆ అంకెను తల్లికి చదివి చెప్పు తీరిక మిగులుట లేదు. తిరుత్తణి ప్రాంతములో ఆ చెప్పుట తెలుగులో కూడ జరుగవలెను. తమిళములో అచ్చైన కరపత్రము తెలుగింటి గోడమీద అందముగా నుండును, అంతే.

ఇటుక బట్టీల సంగతి చెప్పక ముగించుట అన్యాయము. వానలు తగ్గినపుడు ఒడిశా నుండి కుటుంబములతో సహా తిరువళ్ళూరు జిల్లాకు వచ్చి, మరల వానలకు ముందు మరలిపోవు ఆ కూలివారి చంటిబిడ్డలు ఏ ఊరి పట్టికలోను లేరు. వారి కార్డు వేరొక రాష్ట్రమున నున్నది, వారి ఆకలి యిచ్చట నున్నది. ఊరిలో ఆ నెల నిదురించిన ప్రతిబిడ్డయు ఆ నెల ఆ ఊరి అంగన్‌వాడీ బిడ్డయే యను ఒక్క ఉత్తరువు జిల్లా కలెక్టరు సంతకముతో రావచ్చును. దానికి శాసనసభ కూడనక్కఱలేదు.

2030 నాటికి ఆకలిని రూపుమాపుదుమని ఐక్యరాజ్యసమితిలో దేశములన్నియు ప్రతిజ్ఞ పట్టినవి. 2024లో లోకమున సుమారు 67 కోట్ల మంది ఆకలిగొన్నవారనియు, అయిదేండ్లలోపు పిల్లలలో సుమారు 15 కోట్ల మంది గిడసబారినవారనియు ఆ సమితి సంస్థలే లెక్క తేల్చినవి. గడువు తీరుటకు లోపల ఆ ప్రతిజ్ఞ నెరవేరదని అందఱికిని తెలియును. కాని ఓడలతో గోధుమలు పంపి తీర్చు ఆకలి వేరు, తరతరమునకు తల్లినుండి బిడ్డకు సంక్రమించు ఆకలి వేరు. 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనము బాల్యమున బడియన్నము తిన్న స్త్రీలకు పుట్టిన పిల్లలు ఎత్తులో మెఱుగుగా నున్నారని మన దేశపు లెక్కలతోనే చూపినది. 1982లో తిరువళ్ళూరు బడిలో పళ్ళెము పట్టిన బాలిక నేడు అవ్వ. ఆమె కూతురికిని, మనుమరాలికిని అందవలసిన మిగిలిన సగము మేలు, కడుపుతో నున్ననాడును, పాలిచ్చుచున్ననాడును, ఇంకను బాకీగనే యున్నది. ఖర్చు ఎక్కువ యగునని చెప్పువారు 1982లోను అదే చెప్పిరి.

ఇక పాఠకులకొక విన్నపము. తమిళనాడులో అక్టోబరు 2న ప్రతి పంచాయతిలోను గ్రామసభ జరుగును. తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్ళూరు ప్రాంతములలోని తెలుగువారు ఆ సభకు పోయి దీపములను, దారులను గూర్చి అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు: మన ఊరిలో రెండేండ్లలోపు బిడ్డలెందఱు, ఈ నెల ఎందఱిని తూచిరి, ఎందఱి బరువు పెరుగలేదు? జవాబును తీర్మానముల పుస్తకములో వ్రాయింపుడు. మరుసటి సభలో మరల అడుగుడు.